ఐసీయూ కన్సల్టెంటుకు ప్రసూతి సెలవు వర్తించదా? తెలిసినవారు చెప్పండి

హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆసుపత్రి ఐసీయూలో ఇంటెన్సివిస్టును (విషమ స్థితిలోని రోగులను చూసే స్పెషలిస్టు డాక్టరును). ఇప్పుడు ఐదో నెల. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు వేతనంతో కూడిన సెలవు 26 వారాలైందని తెలుసు. కానీ మాకిచ్చేది జీతం కాదు, ప్రొఫెషనల్ ఫీజు. అందుకని నేను ఉద్యోగినినే కాదంటోంది యాజమాన్యం. రాత్రి డ్యూటీలు వేసేటప్పుడు మాత్రం ఉద్యోగినినే! యూనిట్ అధిపతి పదవికి నా పేరు ఎందుకు పరిశీలించలేదని అడిగితే, "ఇప్పుడు మీకెందుకమ్మా ఈ భారం" అన్నారు. (రోగి బంధువులు వెంటిలేటర్ గురించి నన్ను వదిలి నా జూనియర్ అబ్బాయిని అడగడం వేరే కథ.)

ఇలాంటి ఒప్పందం మీదే సెలవు సాధించుకున్న డాక్టర్లు ఎవరైనా ఉన్నారా? డ్యూటీ పట్టికలు, హాజరు రికార్డులు ఆధారాలుగా పనికొస్తాయా? ముందు లాయర్ నోటీసు పంపాలా, నేరుగా కార్మిక శాఖకు వెళ్లాలా?