ఆఫీసు రెనొవేషన్‌లో వెంటిలేషన్ రూల్‌కి మినహాయింపు: ఎవరికైనా వచ్చిందా?

కొత్తక్యాబిన్:
పాత బిల్డింగులో మా ఆఫీసు పని నడుస్తోంది. ఫ్లోరు మధ్యలో 200 చదరపు అడుగుల మీటింగ్ రూమ్ అనుకున్నాం, పది మంది పట్టేట్టు. కిటికీ లేదు. బయటి గాలికి డక్టు వేద్దామంటే దారిలో పెద్ద బీము. ప్లాన్ చూసే ఇంజినీరు వెంటిలేషన్ చాలదని ఫైలు వెనక్కి పంపారు. మినహాయింపు పెట్టుకోండి, ఇచ్చేస్తారు అంటున్నాడు కాంట్రాక్టర్. ఏం రాయాలి? స్ప్లిట్ ఏసీ ఎలాగూ పెడుతున్నాం.

డక్టుమేస్త్రి:
ఆ చివరి మాట అప్లికేషన్‌లో మాత్రం రాయకండి! మామూలు స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. బయటి గాలి పిసరంత కూడా తేదు.

ముందు లెక్క చూడండి. ఆష్రే 62.1 (అమెరికా ఏసీ ఇంజినీర్ల సంఘం వెంటిలేషన్ ప్రమాణం) పద్ధతిలో మీటింగ్ రూముకి మనిషికి 5 సీఎఫ్ఎం (నిమిషానికి ఇన్ని ఘనపుటడుగుల బయటి గాలి), దానికి తోడు చదరపు అడుగుకి 0.06. మీ గదికి 50, 12 కలిపి 62. పైనుంచి వేడిగాలి వదిలి మళ్లీ పైనుంచే లాగే ఏర్పాటైతే గాలి మనిషి దాకా సరిగ్గా దిగదు కాబట్టి 0.8తో భాగిస్తారు. అప్పుడు 78 దాకా వెళ్తుంది. మీకు వర్తించే కోడ్‌లో అంకెలు వేరే ఉండొచ్చు, కానీ ఈ మాత్రం గాలి 6 అంగుళాల రౌండ్ డక్టులో హాయిగా పోతుంది. మీ కాంట్రాక్టర్ ఎంత డక్టు అనుకుని బీము అడ్డం అంటున్నాడు?

అరిగినచెప్పులు:
మాది తిప్పికొట్టారు. తప్పు మాదే. "ఖర్చు పెరుగుతుంది" అని మొదటి పేరాలోనే రాశాం. డబ్బు కారణంగా చెబితే అక్కడితో చదవడం ఆపేస్తారనిపించింది.

రెండో తప్పు ఇంకా పెద్దది. కారిడార్ గోడకి జాలీ పెట్టి, అక్కడి గాలిని గదిలోకి లాగుతామని గీశాం. ఆ కారిడార్ మంటలొస్తే జనం బయటికి పరిగెత్తే దారి. దాన్ని గాలి గొట్టంలా వాడితే పొగ కూడా అదే దారి పడుతుంది. పైగా అది ఫైర్ రేటెడ్ గోడ (కొంతసేపు మంటని ఆపేలా కట్టింది), కన్నం పెడితే ఫైర్ డ్యాంపర్ (మంటలొస్తే దానంతటదే మూసుకునే రెక్క) కావాలి. గాలి గురించి అడగడానికి పోతే ఫైర్ వాళ్ల ప్రశ్నలు నెత్తికెక్కాయి.

బల్లకిఅవతల:
కొన్నేళ్లు ఇలాంటి ఫైళ్లు చూసినవాణ్ణి. చాలామంది రెండు వేర్వేరు విషయాలు కలిపేసి రాస్తారు. "ఈ బిల్డింగులో రూల్ అక్షరాలా పాటించడం కుదరదు" అనేది ఒకటి. దానికి రుజువు కావాలి: బీముకి కన్నం పెట్టకూడదని స్ట్రక్చరల్ ఇంజినీరు ఉత్తరం, ఫొటోలు, ఎత్తులు వేసిన సెక్షన్ డ్రాయింగ్. "వేరే దారిలో అదే ఫలితం తెస్తాం" అనేది ఇంకోటి. దానికి లెక్క కావాలి. రెండిట్లో మీరు అడిగేది ఏదో మొదటి వాక్యంలోనే తేలాలి.

"మమ్మల్ని వదిలేయండి" అని రాసేవాళ్లే ఎక్కువ. గోడ లేపేసి, రంగు వేసి, అప్పుడొచ్చే ఫైలు చూస్తే మాత్రం ఒళ్లు మండేది. గోడ కట్టకముందే వెళ్లి ఒకసారి మాట్లాడండి, సగం టెన్షన్ తగ్గుతుంది.

ఒకవేళ ఇచ్చినా షరతులుంటాయి. ఇంతమందికి మించకూడదనో, కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ పెట్టాలనో. గది వాడకం మారితే మళ్లీ మొదటికొస్తుంది.

మధ్యాహ్నంనిద్ర:
షరతు సంగతి నేను చెప్తా. మా ఆఫీసులో అలా అనుమతి తెచ్చిన గదికి ఆరుగురే పరిమితి. ఆ బోర్డు తలుపు వెనక, వైట్‌బోర్డు చాటున ఉంది. రోజూ ఎనిమిది మందిమి కూర్చుంటాం. ఒకరోజు నా సొంత కార్బన్ డయాక్సైడ్ మీటరు తీసుకెళ్లి బల్ల మీద పెట్టా. మొదలుపెట్టినప్పుడు 450, నలభై నిమిషాలకి 1600 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో ఇన్ని భాగాలు). బయట గాలిలో దాదాపు 420 ఉంటుంది. 1600 అంటే విషమేం కాదు, పక్కవాడు వదిలిన గాలే మనం మళ్లీ పీలుస్తున్నామని లెక్క. తలుపు తీయగానే తెలిసిపోయింది, లోపల ఎంత మగ్గిపోయామో.

కాబట్టి పది మంది కూర్చునే గదికి "ఆరుగురే" అని రాసి గట్టెక్కకండి, ప్లీజ్.

కొత్తక్యాబిన్:
అందరికీ థాంక్స్. అప్‌డేట్: కాంట్రాక్టర్ వేసుకున్నది 14 అంగుళాల డక్టు! గది చల్లబరచడానికి కావాల్సిన మొత్తం గాలిని బయటి గాలి ఖాతాలో వేసేశాడు. టేపు పెట్టి నేనే కొలిచా, బీము కింద నుంచి ఫాల్స్ సీలింగ్ దాకా 9 అంగుళాలుంది. 6 అంగుళాలది ఇన్సులేషన్‌తో సహా పడుతుంది. బీముని ముట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు ఇంకో చిక్కు. గాలి లోపలికి తీసుకునే నోరు టాయిలెట్ ఎగ్జాస్టుకి 10 అడుగుల దూరంలో ఉండాలన్నారు. మాకు 8 వస్తోంది. మినహాయింపు దీనికైనా అడగొచ్చా?

డక్టుమేస్త్రి:
ఆ ఎగ్జాస్టు పైపుని రెండడుగులు అవతలికి జరిపితే పోయేదానికి అప్లికేషన్ ఎందుకండీ?