ఎలక్ట్రానిక్ చెస్ బోర్డుతో పిల్లలకు ఆట వస్తుందా, చెడుతుందా?

కావలి నాన్న:
మా బాబుకి తొమ్మిదేళ్లు. వాళ్ల మేనమామ కొనిచ్చిన ఎలక్ట్రానిక్ చెస్ బోర్డు మీదే రోజూ ఆడుతున్నాడు. మెషిన్‌తో ఆడితే ఆట చెడిపోతుంది, మనుషులతోనే ఆడాలని మా వీధిలో ఒక పెద్దాయన గట్టిగా అంటున్నారు. మీరేమంటారు?

ఒంగోలు ఏనుగు:
పెద్దాయన మాటే కరెక్ట్ అన్నా. కింది లెవెల్లో చాలా మెషిన్లు ఎట్లా ఆడతాయో చూడండి. వరసగా మంచి ఎత్తులేసి, ఉన్నట్టుండి మంత్రిని ఊరికే ఇచ్చేస్తాయి. మనుషులు అట్లా తప్పరు. కొత్త పిల్లాడికి మూలనుంచి వచ్చే శకటు కనపడదు. గుర్రం ఒకేసారి రాజుకీ ఏనుగుకీ గురిపెడితే తట్టదు. ఆ తప్పుకి ఒక కారణం ఉంటుంది, కూర్చోబెట్టి చెప్పొచ్చు. మెషిన్ తప్పుకి కారణమేంది? లెవెల్ తక్కువ పెట్టాం కాబట్టి పారేస్తుంది, అంతే. దాంతో పిల్లలు ప్లాన్ వేయడం మానేసి, అదెప్పుడు పారేస్తుందా అని కాచుకుని ఉంటారు. ఎత్తు వెనక్కి తీసుకునే బటన్ ఇంకా చెరుపు. టోర్నమెంటులో ఆడదామని ముట్టుకున్న పావునే కదపాలి.

కందుకూరు టీచరమ్మ:
అన్నా, ఒంగోలులో ఉన్నారు కాబట్టి మీకు ఆడే మనుషులు దొరుకుతారు. మా పల్లెలో పిల్లలకు దొరికేది రచ్చబండ దగ్గర పెద్దలే. వాళ్ల ఆట వేరు. బంటు మొదటి ఎత్తులో రెండు గళ్లు పోదు, రాజుకి ఒకసారి గుర్రం ఎత్తు ఉంటుంది. ఆ పెద్దల ఆటంటే నాకు చాలా గౌరవం. కానీ దానికే అలవాటుపడిన పిల్లలు నెల్లూరు పోటీకి పోయి, అవతలివాడు క్యాస్లింగ్ (రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో జరపడం) చేస్తే బిత్తరపోతున్నారు. మెషిన్ అయితే తప్పు ఎత్తుని ఒప్పుకోదు, బీప్ అంటుంది.

ఇంకో సంగతి. మా స్కూల్లో ఉన్న బోర్డులో పావుని గడిమీద నొక్కాలి. మెషిన్ తన ఎత్తుని అంచున ఉన్న ఎర్ర దీపాలతో చూపిస్తుంది, ఒకటి అడ్డవరస, ఒకటి నిలువువరస. ఆ రెండూ కలిసే గడి వెతికి, దాని పావుని కూడా పిల్లలే జరపాలి. అట్లా జరిపీ జరిపీ, బోర్డు చూడకుండానే ఎఫ్3 (ఎఫ్ అనే నిలువువరసలో మూడో గడి) తెల్లగడో నల్లగడో చెప్పేస్తున్నారు. ఫోన్ మీద వేలితో లాగితే ఇది రాదు.

నెల్లూరు గుర్రం:
టీచరమ్మ మాటే నాదీ. ఇంట్లో ఆడుకునే చెస్ మెషిన్లు 1977 నుంచీ ఉన్నాయి. 1997లో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్ అంతటివాడు డీప్ బ్లూ అనే ఐబీఎం కంప్యూటర్ చేతిలో 3.5–2.5తో ఓడాడు. ఇప్పుడు గ్రాండ్‌మాస్టర్లు ఇంజిన్ (చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్) లేకుండా ప్రిపేర్ కారు. పిల్లలకెందుకు వద్దు?

ఒంగోలు ఏనుగు:
తమ్ముడూ, గ్రాండ్‌మాస్టర్లు ఇంజిన్‌తో పందేనికి ఆడరు. తాము ఆడిన ఆటని దానికిచ్చి ఎక్కడ దెబ్బతిన్నామో చూసుకుంటారు. నేను చెప్పేదీ అదే. టీచరమ్మగారు చెప్పిన దీపాల సంగతి మాత్రం ఒప్పుకుంటున్నా, గళ్లు గుర్తుండటానికి అది మంచిదే. కావలి అన్నా, బాబు చేత మనిషితో ఆడించండి, ఎత్తులు నోటుబుక్కులో రాయించండి. రాత్రికి అదే ఆటని మెషిన్ మీద పేర్చి, ఓడిన చోటనుంచి పై లెవెల్లో మళ్లీ ఆడమనండి. వెనక్కి తీసుకునే బటన్ మీద టేపు అంటించండి.