తీగ లాగితే డొంకంతా కదులుతుందా?

ప్రశ్న: ఇంటర్ పిల్లల కోసం ఒక జువాలజీ పాఠం తెలుగులో రాస్తున్నాను. ఒక జీవిలో ఒక లక్షణం మారితే దానితో పాటు ఇంకోటీ మారడాన్ని "సహసంబంధిత వైవిధ్యం" అన్నాను. నాకే నోరు తిరగలేదు. మా అమ్మ చదివి, "తీగ లాగితే డొంకంతా కదిలింది అనొచ్చుగా" అంది. ఆ సామెత ఇక్కడ అతుకుతుందా?

జవాబు: సగం అతుకుతుందండీ. తీగ వరకు సరే, "డొంకంతా" దగ్గరే పేచీ.

ముందు సహసంబంధం సంగతి. రెండు కొలతల మధ్య లెక్క చెప్పేటప్పుడు అదే వాడండి. 1888లో గాల్టన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త మనుషుల ఎత్తు, మోచేతి నుంచి వేలి కొస దాకా పొడవు (అంటే మన మూరే), తల కొలతలు పక్కపక్కన పెట్టి ఈ లెక్క తేల్చాడు. అంతకుముందే, 1859లో, డార్విన్ నీలికళ్ల పిల్లులకు చెవుడు ఉంటుందని రాశాడు. ఒళ్లంతా తెల్లగా ఉన్నవాటిలోనే ఇది ఎక్కువ. వినడానికి మూఢనమ్మకంలా ఉంటుంది గానీ కారణం ఉంది. బొచ్చుకూ కంటికీ రంగునిచ్చే కణాలు లోపలి చెవికీ చేరాలి. అవి అక్కడికి చేరకపోతే వినికిడి దెబ్బతింటుంది. ఇక్కడ మీ అమ్మగారి సామెత చక్కగా కుదిరింది.

కానీ ఒంట్లో అన్నీ కలిసి కదలవు. కొన్ని ఒక జట్టు, మిగతావి ఇంకో జట్టు. 1931లో తెరెంత్యెవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త కప్పల్ని కొలిచి, ఇలా కలిసి మారే కొలతల గుంపుకు ఒక నక్షత్రాల గుంపు పేరు పెట్టాడు. అవి మన కృత్తికలే. 1960లో రైసా బెర్గ్ అనే ఇంకో రష్యన్ శాస్త్రవేత్త మొక్కల్లో ఇంకా ముచ్చటైనది చూపించింది. పువ్వులోకి ఒక రకం పురుగు సరిగ్గా ఇమిడి పుప్పొడి మోయాల్సిన మొక్కల్లో, ఆకూ కాండం కొలతలు ఎలా మారినా పువ్వు కొలతలు వాటి వెంట పోవు. కారణం సులువే. పువ్వు కొలత తప్పితే పురుగుకు పుప్పొడి అంటదు.

ఇంకో సభ్యురాలు: కృత్తికల్ని మావైపు పిల్లలకోడి అంటారు. "పిల్లలకోడి లక్షణాలు" అంటే ఎలా ఉంటుంది?

జవాబు: పేరు ముద్దొస్తోందమ్మా, కానీ అందులో కోడి ముందు నడుస్తుంది, పిల్లలు వెంట పోతాయి. ఇక్కడ ఏది ముందో ఏది వెనకో కొలతలు చెప్పవు. రెండూ కలిసి మారుతున్నాయన్నంత వరకే. నా ఓటు "గుత్తి"కి.

ఇంకో మాట, కాస్త పక్కదారే. ఎత్తూ చేతి పొడవూ కలిసే పెరుగుతాయి కదా, రెండిటినీ వేరువేరు సాక్ష్యాలుగా లెక్కిస్తే ఒకే సంగతిని రెండుసార్లు కూడినట్టు. ఆ తప్పు జరగకుండా రెండు జనసమూహాల మధ్య "దూరం", అంటే ఒకదానికొకటి ఎంత తేడాగా ఉన్నాయో, కొలిచే పద్ధతిని 1936లో మన గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ ఇచ్చాడు. మన వాల్తేరులో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఎమ్మే చదివిన సి.ఆర్. రావుగారు 1946లో కేంబ్రిడ్జి వెళ్లి, సూడాన్‌లో తవ్వి తీసిన పాత ఎముకల కొలతలకు ఆ పద్ధతిని వాడారు. పాఠంలో పిల్లలకు ఈ ఒక్క వాక్యమైనా పెట్టండి.

అడిగినవారు: పెడతాను. నిన్న డాబా మీద స్కేలు పట్టుకుని శంఖుపూలు కొలిచాను. ఎండకు బక్కచిక్కిన కుండీలో ఆకులు సగానికి సగం చిన్నవి, పువ్వు మాత్రం దాదాపు అంతే. రెండే కుండీలు, దీన్ని రుజువు అననులెండి. పాఠంలో ఇలా మార్చాను: "తీగ లాగితే డొంకంతా కదలదు, ఆ తీగ గుత్తి కదులుతుంది." అమ్మ మాత్రం సామెత పాడుచేశావంటోంది.