25 వేలలో ముస్తఫా, కేఓఎఫ్ 97, టెక్కెన్ 3: పాత ఐ5 చాలా, కొత్త ఐ3 కావాలా?

బెజవాడ_బటన్
అందరికీ నమస్కారం. హాల్లో టీవీ పక్కన పెట్టుకుని పాత ఆర్కేడ్ ఆటలు ఆడుకోడానికి ఒక కంప్యూటర్ కట్టించాలనుకుంటున్నాను. బడ్జెట్ 25 వేలు, ఆ పైన పైసా లేదు. మానిటర్ లేదు, 32 అంగుళాల టీవీ ఉంది. ఆడేవి: ముస్తఫా (క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్), కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97, మెటల్ స్లగ్, టెక్కెన్ 3. వీలైతే కారు రేసు ఆట డేటోనా. షాపతను రైజెన్ 5 5600జీ రాసిచ్చాడు, దానికే సగం డబ్బులు పోయేలా ఉన్నాయి. మా బావమరిదేమో గ్రాఫిక్ కార్డు లేకుండా గేములేంటి అని నవ్వుతున్నాడు. ఎవరి మాట వినాలి?

సింగిల్_కోర్
ఇద్దరి మాటా వద్దు. మేమ్ అంటే పాత ఆర్కేడ్ యంత్రాన్ని కంప్యూటర్లో అనుకరించే సాఫ్ట్‌వేర్, అంటే ఎమ్యులేటర్. దానికి కావాల్సింది సీపీయూలో ఒక్క కోర్ వేగం. మీ లిస్టుకి గ్రాఫిక్ కార్డు అక్కర్లేదు.

రూపాయి_బిళ్ళ
5600జీ రాసిచ్చినాయనకి మీ జేబు కనిపించింది గానీ మీ ఆటలు కనిపించలేదండీ. ముస్తఫా 1993లో కాప్‌కామ్ వాళ్లు చేసింది. ఆ ఆర్కేడ్ బోర్డు మీద ప్రధాన ప్రాసెసర్ మోటరోలా 68000, వేగం 12 మెగాహెర్ట్జ్. కేఓఎఫ్ 97, మెటల్ స్లగ్ ఆడే నియో జియో అనే ఆర్కేడ్ బోర్డులోనూ అదే 68000, అదే 12. ఆ చిప్పు చేసిన ప్రతి పనినీ ఎమ్యులేటర్ సాఫ్ట్‌వేర్‌లో చేసి చూపించాలి కాబట్టి అసలు చిప్పుకి ఎన్నో రెట్ల వేగం కావాలి, కాదనను. అయితే 2014 నాటి ఐ5 4590 కూడా 3.3 గిగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. ఈ ఆటలు దానికో లెక్కా?

ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు ఇచ్చినా మేమ్ వాటిని వాడుకోదు. బోర్డు మీది ప్రాసెసరూ, సౌండ్ చిప్పూ, వీడియో చిప్పూ ఒకదానితో ఒకటి తాళం తప్పకుండా నడవాలి. తలా ఒక కోర్ మీద పెడితే ఒకదాని కోసం ఇంకోటి ఆగడంతోనే పుణ్యకాలం గడిచిపోతుంది. త్రీడీ బోర్డుల్లో కొన్నిటికి, వూడూ గ్రాఫిక్స్ చిప్పు ఉన్న మిడ్‌వే ఆటల్లాంటివాటికి, బొమ్మ గీసే పనిని మిగతా కోర్లకి పంచుతుంది. మీ లిస్టులో అవి లేవు. టెక్కెన్ 3ది ప్లేస్టేషన్ ఆధారంగా చేసిన నామ్కో సిస్టమ్ 12 బోర్డు, అదీ పాత ఐ5 మీద హాయిగా ఆడుతుంది. డేటోనాకి మాత్రం మేమ్ కాకుండా సెగా మోడల్ 2 కోసం విడిగా ఉన్న ఎమ్యులేటర్ పెట్టుకోండి.

నేను చెప్పేది ఒక్కటే. ఆఫీసులు వదిలించుకున్న డెల్ ఆప్టిప్లెక్స్ 9020 కంప్యూటర్, ఐ5 నాలుగో తరం (ఆ 4590 లాంటిది), 8 జీబీ ర్యామ్, చిన్న ఎస్ఎస్‌డీ. పదివేల లోపు బేరమాడొచ్చు. మిగతా డబ్బంతా జాయ్‌స్టిక్కుల మీదా స్క్రీను మీదా పెట్టండి. ఆట అక్కడుంటుంది.

కొత్తపెట్టె
బిళ్ళన్నా, ఎవ్వలు అడిగినా నువ్వు గిదే మందు రాస్తవ్. మరి దాని ఎస్ఎంపీఎస్ (కరెంటు సప్లై డబ్బా) సంగతెందుకు చెప్పవ్? 9020ల మామూలు 24 పిన్నుల కనెక్టర్ ఉండది, డెల్ వాళ్లు సొంతంగ చేస్కున్న 8 పిన్నులది ఉంటది. అది కాలిందంటే పక్క షాపుకు పోయి వేరేది తెచ్చి పెడ్తనంటే నడ్వది. నాకు అయ్యింది గాబట్టే చెప్తున్న. ఆన్‌లైన్ల ఒకతని దగ్గర తీస్కున్న. దసరాకు ముందు సప్పుడు లేకుండ సచ్చిపోయింది. ఫోన్ జేస్తే 'టెస్టింగ్ వారంటీ అయిపోయింది సార్' అన్నడు. తర్వాత ఫోనే ఎత్తలే.

కొత్త ఐ3 12100 తీస్కో తమ్మీ. నాలుగు కోర్లు, 4.3 గిగాహెర్ట్జ్ దాక పోతది, ఒక్క కోర్ వేగంల 4590కి ఒకటిన్నర రెట్ల పైన్నే. డబ్బాల వచ్చినదానికి మూడేండ్ల వారంటీ. చివర్ల 'ఎఫ్' ఉన్నది మాత్రం తీస్కోకు, దాంట్ల గ్రాఫిక్స్ ఉండవ్, టీవీల బొమ్మనే రాదు.

చిల్లర_లేదు
నా ఫోన్‌లోనే ముస్తఫా ఆడుతోంది. 25 వేలు దేనికి??

రూపాయి_బిళ్ళ
> వేరేది తెచ్చి పెడ్తనంటే నడ్వది

24 పిన్నుల్ని 8కి మార్చే కేబుల్ ఆన్‌లైన్లో దొరుకుతుంది. టవర్ సైజు పెట్టె కొంటే మామూలు ఎస్ఎంపీఎస్ అందులో పడుతుంది. చిన్న పెట్టె కొంటేనే ఆ ఇబ్బంది. మీకెవరో చెడ్డ సరుకు అంటగడితే అది పాత సామాను తప్పెలా అవుతుంది?

కొత్తపెట్టె
కేబుల్ దొరకదనలే. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి దొరుకుతదా అంటున్న. పిల్లలు కూసొని ఉంటరు, పెట్టె లేవది. అప్పుడు నువ్వొచ్చి కేబుల్ ఇస్తవా?

సింగిల్_కోర్
ఇద్దరూ మీ మీ పెట్టెల్లో మేమ్‌ని 'బెంచ్ 90' (90 సెకన్ల వేగ పరీక్ష) పెట్టి నడిపి అంకె చూపించండి. అసలు యంత్రం వేగంలో 100 శాతం దాటితే ఆట ఆడుతుంది. ఆ పైనంతా గొప్పలకే.

రూపాయి_బిళ్ళ
నా 4590 మీద ముస్తఫా, కేఓఎఫ్ రెండూ వందకి చాలా పైనే. దాచేదేముంది.

కొత్తపెట్టె
వంద శాతం కాడ ఆగితే రన్ అహెడ్ ఎట్ల చేస్తవ్? రెట్రోఆర్చ్ అనే ఎమ్యులేటర్ ప్రోగ్రాంల అది పెడితే బటన్ నొక్కినప్పటి ఆలస్యం తగ్గుతది, గని ప్రతి ఫ్రేముకు ఆటను ముందుకు నడిపి మళ్ల వెనుకకు తీస్కరావాలె. అంటే పని రెండింతలు, మూడింతలు. గందుకే కోర్ వేగం ఉండాలంటున్న.

రూపాయి_బిళ్ళ
ఎఫ్‌బీనియో అనే ఇంకో ఎమ్యులేటర్‌లో ముస్తఫాకి రన్ అహెడ్ పెట్టడానికి 4590 చాలు. ఆలస్యం సంగతి ఎత్తారు కాబట్టి అడుగుతున్నా, ఆ ఆలస్యం వచ్చేది ఎక్కడి నుంచి? చాలా వరకు టీవీ నుంచి. ఇంకొంత చేతిలో ఉన్న చవక గేమ్‌ప్యాడ్ నుంచి. ప్రాసెసర్‌కి పోసిన డబ్బులతో టీవీ బాగుపడదు కదా!

సోల్డర్_శీను
నేను స్టిక్కులు కట్టి ఇస్తుంటాను కాబట్టి రెండు మాటలు. స్టిక్కుని కంప్యూటర్‌కి కలపడానికి 'జీరో డిలే' అని అమ్మే యూఎస్‌బీ బోర్డు పేరు చూసి మోసపోవద్దు, దానికీ డిలే ఉంటుంది. అయినా మొదటిసారికి అది చాలు. టీవీలో గేమ్ మోడ్ ఉందేమో ముందు చూడండి, దానితో వచ్చే తేడా ఏ ప్రాసెసర్‌తోనూ రాదు. చవక కీబోర్డు మీద ఇద్దరు కలిసి ఆడితే మాత్రం గొడవలే. మూడు నాలుగు కీలు ఒకేసారి నొక్కితే ఒకటి పనిచేయదు, 'నేను కొట్టాను, పడలేదు' అని.

ఇంకోటి. ఆర్కేడ్ బోర్డులన్నీ 60 హెర్ట్జ్ (సెకనుకి 60 ఫ్రేములు) కాదు. నియో జియో 59.19, మోర్టల్ కాంబాట్ 54.7. మామూలు టీవీ 60 దగ్గరే ఉంటుంది కాబట్టి స్క్రోలింగ్‌లో చిన్న కుదుపు కనిపిస్తుంది. ఆట వేగానికి తగ్గట్టు తన హెర్ట్జ్ మార్చుకుంటూ 48 నుంచి 75 దాకా వెళ్లే ఫ్రీసింక్ మానిటర్ ఉంటే ఆ బాధ తీరిపోతుంది.

రూపాయి_బిళ్ళ
చూశారా! నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది అదే. డబ్బు స్క్రీనుకి పెట్టమని.

కొత్తపెట్టె
ఆగన్నా ఆగు. నీ 4590ల ఉన్న హెచ్‌డీ 4600 గ్రాఫిక్స్‌కు ఫ్రీసింక్‌కు కావాల్సిన ఆ అడాప్టివ్ సింక్ లేనే లేదు. ఫ్రీసింక్ మానిటర్ తెచ్చి నీ పాత పెట్టెకు పెడితే అది వట్టి మానిటరే. 12100ల యూహెచ్‌డీ 730కి డిస్‌ప్లేపోర్టు మీద ఉంది. 5600జీకి అయితే హెచ్‌డీఎంఐ మీద గూడ ఉంది. షాపతను రాసిచ్చింది అంత ఎడ్డి సలహా ఏం కాదు.

రూపాయి_బిళ్ళ
పాత ఆర్ఎక్స్ 550 గ్రాఫిక్ కార్డు ఒకటి పెడితే ఫ్రీసింక్ వస్తుంది. చిన్న పెట్టెలో పట్టే సైజు కూడా ఉంది, విడిగా కరెంటు వైరు అక్కర్లేదు.

సింగిల్_కోర్
గ్రాఫిక్ కార్డు వద్దని మొదలుపెట్టి గ్రాఫిక్ కార్డు దగ్గరికే వచ్చాం. బావమరిది గెలిచాడు.

చిల్లర_లేదు
రోమ్‌లు (ఆటల ఫైళ్లు) ఎక్కడ దొరుకుతాయో ఎవరైనా లింక్ ఇవ్వండి

మోడరేటర్
రోమ్ లింకులు అడగొద్దు, ఇవ్వొద్దు. కొనుక్కోగలిగినవి కొనుక్కోండి. కేఓఎఫ్ 97, మెటల్ స్లగ్ స్టీమ్‌లో ఉన్నాయి.

సోల్డర్_శీను
ముస్తఫాదే చిక్కు. ఒక కామిక్ ఆధారంగా లైసెన్సు తీసుకుని చేసిన ఆట కాబట్టి కాప్‌కామ్ 2018లో తెచ్చిన బీటెమప్ (కొట్లాట ఆటల) కట్టలో కూడా అది లేదు.

కొత్తపెట్టె
బిళ్ళన్న ఇంకో సంగతి గూడ దాటేస్తుండు. 2025 అక్టోబర్ 14తోని విండోస్ 10కి సపోర్టు అయిపాయె. నాలుగో తరానికి విండోస్ 11 అధికారికంగ లేదు. రేపు ఆ పెట్టెల ఏం చేస్తరు?

రూపాయి_బిళ్ళ
బటోసెరా అని ఆటలకే చేసిన ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది, దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బూట్ చేస్తారు, ఆట ఆడతారు. నెట్ కూడా పీకేస్తారు. ముస్తఫాకి విండోస్ 11 ఏం చేస్తుందయ్యా? మీరు ఆట గురించి మాట్లాడుతున్నారా, ఆఫీసు గురించా? మా మేనమామ వీడియోగేమ్ షాపులో స్టిక్కు విరిగితే మార్చింది నేను, బిళ్ళ ఇరుక్కుంటే తీసింది నేను. మీలాంటివాళ్లు గిగాహెర్ట్జులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు, స్టిక్కు పట్టుకోవడం చేతకాదు. ప్యాడ్‌తో ఆడితే అది ముస్తఫాయే కాదు.

లక్కపిడత
ఇంతసేపు చదువుతూ ఊరుకున్నాను గానీ, ఈ మాటకి చెప్పాలి. మా వీధి చివర వీడియోగేమ్ షాపుండేది. అన్నయ్య లోపల ఆడేవాడు, నేను గుమ్మం బయట నిలబడి అతని సైకిల్‌కి కాపలా. ఆడపిల్ల లోపలికి పోతే ఊరుకుంటారా? ముస్తఫా మొదటిసారి ఆడింది పెళ్లయ్యాక, ఇంట్లో కంప్యూటర్ మీద, ప్యాడ్‌తోనే. మీ లెక్కలో నేను ఆడింది ముస్తఫా కాదన్నమాట. మంచిదండీ.

రూపాయి_బిళ్ళ
మిమ్మల్ని అనలేదమ్మా. వస్తువు గురించి అన్నాను.

లక్కపిడత
వస్తువు గురించే నేనూ చెబుతున్నా. ఆ షాపులో ఎలా ఉండేదో అలా ఉండాలని పదిహేను వేలు పెట్టమంటున్నారు. ఆ షాపు అందరిదీ కాదు.

కొత్తపెట్టె
అక్క మంచిగ చెప్పింది. నాకైతే ఆ షాపు అంటే మా నాయన బెల్టే యాదికొస్తది. చెవు పట్టి గుంజుకొచ్చి రోడ్డు మీదనే కొట్టిండు. గందుకే ఇంట్ల పెట్టె ఉండాలంటున్న, పొద్దున పిల్లలు హోంవర్క్ చేస్కునేది, రాత్రి ఆట ఆడుకునేది, రెండూ ఒక్కటే. ఆటకని చెప్పి ఇరవై అయిదు వేలు పెడ్తమంటే ఏ ఇంట్ల ఒప్పుకుంటరే? 8 పిన్ను, 24 పిన్ను అని ఎందుకు కొట్లాడుతున్ననో ఇప్పటికన్న సమజైందా? ఆటపెట్టె చెడితే ఎవ్వలు పట్టించుకోరు. ఇంటిపెట్టె చెడితే మాట పడేది నేను.

రూపాయి_బిళ్ళ
ఇదిగో, ఇక్కడే మీకూ నాకూ పడనిది. చదువు పేరు చెప్పి కొన్న పెట్టెలో ఆట ఎప్పుడూ దొంగతనమే. 'ఇంకా ఆపలేదా' అని ఎవరో ఒకరు వెనక నిలబడతారు. పరీక్షలొస్తే ముందు పోయేది ఆ ఫోల్డరే. పదివేల పాత పెట్టె అయితే అది ఆటకే అని ఇంట్లో అందరికీ తెలుస్తుంది, ఎవరూ లెక్క అడగరు. నలభై దాటినవాడు ఆటకోసం ఒక వస్తువు కొనుక్కుంటే తప్పేంటి? దాచుకోవాల్సిన పనా?

కొత్తపెట్టె
తప్పని నేననలే. పైసలున్నోళ్లకు కాదు. పాతది ఆటకు, కొత్తది చదువుకు అని రెండు పెట్టెలు కొనే ఇల్లు వేరే.

చిల్లర_లేదు
అందుకే ఫోన్ అన్నాను

సింగిల్_కోర్
అసలు అడిగినాయన్ని ఎవరైనా అడిగారా, పెట్టె ఎవరికని?

బెజవాడ_బటన్
చదువుతూనే ఉన్నానండీ, మధ్యలో దూరే సందు దొరకలేదు. మొదటే చెప్పాల్సిన మాట ఒకటుంది. పాప ఎనిమిదో తరగతికొచ్చింది, దానికి కంప్యూటర్ కావాలనే ఇంట్లో ఆ 25 వేలు ఒప్పుకున్నారు. ముస్తఫా సంగతి మా ఆవిడకి ఇంకా తెలీదు.

రూపాయి_బిళ్ళ
ఆ ఒక్క మాట మొదటే రాసి ఉంటే ఆప్టిప్లెక్స్ పేరే ఎత్తేవాణ్ణి కాదు కదయ్యా!

కొత్తపెట్టె
😄😄 తమ్మీ, 12100. హెచ్610 మదర్‌బోర్డు, డీడీఆర్4 ర్యామ్‌ది సూడు, డీడీఆర్5ది ఇప్పుడొద్దు. 8 జీబీ ర్యామ్ ఒక్కటే పెట్టు, రెండో స్లాటు ఖాళీగ ఉంచు.

సోల్డర్_శీను
ఎస్ఎంపీఎస్ మాత్రం క్యాబినెట్‌తో కలిపి ఇచ్చేది తీసుకోకండి. పేరున్న 450 వాట్లది విడిగా కొనండి.

బెజవాడ_బటన్
షాపతనితో మాట్లాడాను. 12100, హెచ్610 బోర్డు, 8 జీబీ, 256 ఎస్ఎస్‌డీ, ఎస్ఎంపీఎస్ విడిగా. బడ్జెట్‌లో సరిగ్గా కుదిరింది. రెండు యూఎస్‌బీ ప్యాడ్లకి మిగిలింది. టీవీలో గేమ్ మోడ్ ఉంది, వెతికితే సెట్టింగుల్లో ఎక్కడో అడుగున దొరికింది. స్టిక్కులు వచ్చే ఏడాది చూస్తాను బిళ్ళగారూ.

రూపాయి_బిళ్ళ
వచ్చే ఏడాదంటే కొనరని అర్థం. సర్లెండి. కానీ ముస్తఫా ముగ్గురు కలిసి ఆడే ఆట. మీరు, పాప, మీ ఆవిడ. ఆవిడకి ఎలాగూ తెలిసేదే. మూడో ప్యాడ్ కూడా అడగండి.

కొత్తపెట్టె
బిల్లు మీద 12100 అని ఉందా, 12100ఎఫ్ అని ఉందా సూస్కో. పైసలు ఇచ్చినంక కాదు, ఇయ్యకముందే.