అప్‌డేట్: నా ఎదురుదాడి వ్యూహం ఇప్పుడు పనిచేస్తోంది

ఫుట్‌బాల్ జట్టును నడిపించే కంప్యూటర్ గేమ్ ఫుట్‌బాల్ మేనేజర్ 2024లో నా జట్టు బంతిని చేజిక్కించుకున్నా ఎదురుదాడికి కదలడం లేదని, మైదానం మధ్యకు చేరేలోపే దాన్ని పోగొట్టుకుంటోందని ఇంతకుముందు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

లోపం నేననుకున్నట్టు ఆటగాళ్ల వేగంలో లేదు. మెంటాలిటీని (జట్టు ఎంత దూకుడుగా ఆడాలో చెప్పే సెట్టింగ్) డిఫెన్సివ్‌లో ఉంచడం వల్ల టెంపో (ఆట వేగం) పడిపోయి, బంతి దొరికిన తర్వాత కూడా జట్టంతా సాహసించకుండా ఆడుతూ, ప్రత్యర్థి తిరిగి సర్దుకోవడానికి కావలసినంత వ్యవధి ఇచ్చేది. దాన్ని బ్యాలెన్స్‌డ్‌కు మార్చి, డిఫెన్సివ్ లైన్‌ను (డిఫెండర్ల వరుసను) మాత్రం మా గోల్‌కు దగ్గరగా కిందనే ఉంచి, ట్రాన్సిషన్‌లో (బంతి ఒక జట్టు నుంచి మరో జట్టుకు మారే క్షణాల్లో) కౌంటర్ (బంతి దొరకగానే ఎదురుదాడి), రీగ్రూప్ (బంతి పోగానే వెనక్కి చేరి సర్దుకోవడం) రెండూ ఎంచుకున్నాను.

అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది ముందువరుస. ఒంటరిగా మిగిలిపోతున్న టార్గెట్ ఫార్వర్డ్‌ను (పొడవైన పాస్‌లను అందుకుని బంతిని నిలిపే స్ట్రైకర్‌ను) తప్పించి, అడ్వాన్స్‌డ్ ఫార్వర్డ్‌తో (డిఫెండర్ల వెనక్కి పరుగెత్తే స్ట్రైకర్‌తో) పాటు మరో స్ట్రైకర్‌ను నిలిపి 4-4-2కు (నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు స్ట్రైకర్లు) వచ్చాను. నిన్నటి మ్యాచ్‌లో ప్రత్యర్థి కార్నర్‌ను అందుకున్న మా గోల్‌కీపర్ వెంటనే కుడి వింగర్‌కు విసిరాడు. అతడు రెండే టచ్‌లలో డిఫెండర్ల వెనుక ఖాళీలోకి పంపిన బంతిని స్ట్రైకర్ గోల్‌గా మలిచాడు. ఆ ఒక్క కదలిక కోసమే ఇన్నాళ్లూ తపించాను.

అయితే పెనాల్టీ బాక్స్ ముందే గుమిగూడి కాచుకునే జట్ల మీద ఈ వ్యూహం ఇంకా తేలిపోతోంది, ఎందుకంటే అక్కడ పరుగెత్తడానికి ఖాళీయే ఉండదు. అలాంటి మ్యాచ్‌ల కోసం వేరే అమరికను సిద్ధం చేస్తున్నాను.