అండర్-10 సాకర్: మైదానం గీత బయట పెద్దలు నోరు మెదపకూడదా?

ఫ్రిస్కో_నాన్న:
డాలస్ చుట్టుపక్కల అండర్-10 జట్లలో మన పిల్లలు చాలామందే ఉన్నారు. శనివారం గ్రౌండుకి వెళ్తే గీత పక్కన "కొట్రా, కొట్టు!" అన్న కేక తెలుగులోనే వినిపిస్తుంది. 1999లో క్లీవ్‌లాండ్ ప్రాంతపు అమ్మాయిల లీగ్ ఒకటి ఒక ఆదివారమంతా పెద్దల్ని అరవనివ్వలేదు. అలాంటి మౌన వారాంతాన్ని ఇప్పుడు కొన్ని లీగులు ఏడాదికి ఒకసారో రెండుసార్లో పెడుతున్నాయి. దాన్ని సీజన్ మొత్తానికీ పెట్టాలా, వద్దా?

గోల్‌కిక్:
పెట్టాల్సిందే. ఈ వయసులో జట్టుకి ఏడుగురే. మైదానం వెడల్పు మహా అయితే 45 గజాలు, కాబట్టి ఈ గీత దగ్గర అన్న మాట ఆ గీత దగ్గర పిల్లాడి చెవిన పడుతుంది.

కీపర్ బంతి చేత్తో పట్టుకున్నాడనుకోండి. ఎదుటి జట్టు మొత్తం బిల్డ్-అవుట్ లైన్ వెనక్కి తగ్గాలి. పెనాల్టీ ఏరియాకీ (గోల్ ముందు గీసిన పెద్ద పెట్టె) మధ్యగీతకీ సరిగ్గా నడుమ వేసే గీత అది. కీపర్ కంగారు లేకుండా పక్కనున్న డిఫెండర్‌కి బంతి దొర్లించడం నేర్చుకోవాలనే దాన్ని పెట్టారు. సరిగ్గా అప్పుడే ఇవతల నుంచి "దూరంగా తన్ను!" అని కేక. పిల్లాడు చేతిలోంచి వదిలి గాల్లోనే తన్నేస్తాడు. ఈ వయసులో అలా పంట్ చేయడం నిషేధం. ఎదుటివాళ్లకి ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ (నేరుగా గోల్ కొట్టే వీల్లేని ఫ్రీ కిక్), అదీ గోల్‌కి అంత దగ్గర్లో! "తలతో కొట్టు" అన్నా అంతే, కావాలని హెడర్ చేస్తే ఎదుటివాళ్లకి ఫ్రీ కిక్ పోతుంది.

సునీత_యు10:
గోల్‌కిక్ గారూ, మీరు చెప్పిన రెండూ ఆజ్ఞలేనండీ. చిక్కంతా ఆజ్ఞతోనే, గొంతుతో కాదు. బంతి కాలి దగ్గరున్నప్పుడు ఏ మాటా వద్దు. బంతి వెళ్లిపోయాక "భలే ఆపావమ్మా" అంటే ఏం పోయింది?

తెలుగులో అరవడంతో ఇంకో ఇబ్బంది ఉంది. "ముందుకెళ్లు" అన్నది మన పిల్లకే అర్థమవుతుంది, తోటి డిఫెండర్‌కి కాదు, కోచ్‌కి అసలే కాదు. కోచ్ ఉండమన్న చోటు వదిలేసి పిల్ల ముందుకి పోతుంది, వెనక ఖాళీ పడుతుంది. కారణం కోచ్‌కి తెలీదు, తిట్లు మాత్రం పిల్లకి.

మౌన వారాంతంలో పెద్దల నోటికి లాలీపాప్‌లు పంచే లీగులున్నాయి. ఏది అనకూడదో, ఎందుకనకూడదో ఎవరూ చెప్పరు కాబట్టి మరుసటి శనివారం కథ మళ్లీ మొదటికే.

విజిల్:
రిఫరీ సంగతి కూడా చూడండి. సగం అరుపులు నియమం తెలియకే. త్రో-ఇన్ (పక్క గీత దాటిన బంతిని చేతులతో లోపలికి విసరడం) నుంచి నేరుగా బంతి అందుకుంటే ఆఫ్‌సైడ్ (ఎదుటి డిఫెండర్లని దాటి ముందే నిలబడి బంతి అందుకునే తప్పు) లేదు. ఏడుగురి ఆటలో మధ్యగీత దాటితే చాలదు, బిల్డ్-అవుట్ లైన్ దాటాకే ఆఫ్‌సైడ్ లెక్క. ఆ విజిల్ పట్టుకున్నది చాలాచోట్ల 14, 15 ఏళ్ల పిల్లే.

ప్రేక్షకులకి ఆమె కార్డు చూపే వీల్లేదు, వాళ్లతో వాదించనూ కూడదు. ఆట ఆగినప్పుడు కోచ్‌ని పిలిచి "వాళ్లని అదుపులో పెట్టండి" అని అడగాలి. రెండోసారి గట్టిగా చెప్పాలి. అయినా ఆగకపోతే ఆ మనిషి మైదానం వదిలి వెళ్లేదాకా ఆట మొదలుపెట్టకూడదు. వెళ్లకపోతే మ్యాచ్‌ని అక్కడితో ఆపేసే అధికారం ఆట నియమాల్లో రిఫరీ గురించిన ఐదో నియమం ఆమెకిచ్చింది. ఈ మెట్లు మన తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియవు.

గోల్‌కిక్:
సునీత గారి పద్ధతి కాగితం మీద బాగుంది. ఆట వేడిలో "వెళ్లు వెళ్లు వెళ్లు!" అన్నది ఉత్సాహమా, ఆజ్ఞా? ఎవరు తేలుస్తారు? మొదటి నాలుగు మ్యాచ్‌లు పూర్తి మౌనం పెట్టి, ఆ తర్వాత మెచ్చుకోలుకి తలుపు తీద్దాం.

సునీత_యు10:
"వెళ్లు" ఆజ్ఞే, సందేహం లేదు. ఏం చేయాలో చెప్పే మాట ఏదైనా ఆజ్ఞే. శభాష్, భలే, సూపర్‌లలో అది లేదు. ఈ నాలుగు ముక్కలూ సీజన్ మొదట్లోనే మేనేజర్ జట్టు వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. కుర్చీలు గీతకి రెండు మూడు గజాలు వెనక్కి జరపాలి, గోల్ వెనక ఎవరూ నిలబడకూడదు. నాలుగు మ్యాచ్‌ల మౌనానికి మాత్రం నేను ఒప్పుకోను. తొలిసారి గోల్ కొట్టిన పిల్ల తలెత్తి చూసేది అమ్మా నాన్నల వైపేనండీ, అప్పుడు ఇటు నుంచి ఒక్క గొంతూ వినపడకపోతే ఎలా?

విజిల్:
మీ ఇద్దరిలో ఎవరి మాట నెగ్గినా, రిఫరీ నిర్ణయం మీద ఒక్క మాటా వద్దన్నది మొదటి మ్యాచ్ నుంచే పెట్టండి.