అప్‌డేట్: నంబర్ పోలేదు, పోర్టింగ్ (పాత నంబర్‌తోనే వేరే మొబైల్ కంపెనీకి మారడం) అయిపోయింది

పోయిన వారం అడిగాను కదా, మొబైల్ కంపెనీ మారినా పాత నంబరే ఉంటుందా, ముందు పాత కనెక్షన్ రద్దు చేసుకోవాలా అని. ఉంటుంది. రద్దు మాత్రం అస్సలు చేయకూడదు, చేసి ఉంటే నంబరే చేజారేది. ఆ మాట చెప్పినవాళ్లకు దండం.

మొదటిసారి రిక్వెస్ట్ తిరస్కరించారు. కారణం వింటే నవ్వొస్తుంది: పాత కంపెనీ రికార్డుల్లో నా ఇంటిపేరు పూర్తిగా ఉంది, కొత్త ఫారంలో నేను పొడి అక్షరం ఒక్కటే రాశాను. పాత బిల్లు పక్కన పెట్టుకుని, అక్షరం అక్షరం సరిచూసి మళ్లీ నింపాను. ఈలోపు, మారడం కోసం ముందు తీసుకున్న పోర్టింగ్ కోడ్ గడువు తీరిపోయింది, ఇంకోటి తీసుకోవాల్సి వచ్చింది.

మారే రోజు పాత సిమ్‌లో సిగ్నల్ గీతలు ఒక్కసారిగా మాయం. కొత్త సిమ్ వేయగానే నేను చేసే కాల్స్ వెళ్లాయి గానీ, నాకు రావాల్సినవి కాసేపు రాలేదు. నా నంబర్ ఇప్పుడు కొత్త కంపెనీలో ఉందని మిగతా నెట్‌వర్కులకు కూడా తెలియాలిగా! బ్యాంక్ ఓటీపీలు సాయంత్రానికి గానీ అందలేదు, అసలు టెన్షన్ అదే. వాట్సాప్ మాత్రం కదల్లేదు.

తర్వాత చూస్తే కొన్ని కాంటాక్టులు లేవు. అవి పాత సిమ్‌లోనే సేవ్ అయి ఉన్నాయి. నయం, పారేయలేదు. మళ్లీ పెట్టి ఫోన్‌లోకి కాపీ చేసుకున్నాను.